అర్థం తెలియని పారాయణం

కంటికి శుక్లం తీయించుకుని వచ్చిన మర్నాడు మా అమ్మాయి నా మంచం పక్కనున్న పుస్తకాలన్నీ ఎత్తి అలమర పై అరలో పెట్టేసింది. డాక్టరు కళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వమన్నాడు, అంతే. మా అమ్మాయి దాన్ని నిషేధాజ్ఞ చేసింది. “అమ్మా, ప్లీజ్, జస్ట్ టూ వీక్స్. నువ్వు ఆగలేవని తెలిసే అందకుండా పెట్టా,” అంది. చదవకుండా ఎలా ఉండనే అని బతిమాలితే, ఒక పాత ఫోనులో ఏదో నొక్కి నా దిండు పక్కన పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయింది. అందులోంచి ఒక ఆడగొంతు తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టింది. మనిషి కాదు, యంత్రం. ఒక్క అక్షరం మింగదు, ఒక్క ఒత్తు తప్పదు. కానీ ఎక్కడో వరదకి ఊరు మునగడం, ఎవరో మంత్రిగారు రిబ్బను కత్తిరించడం, బజార్లో వంకాయల ధర, అన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా చదువుకుపోతోంది. తను ఏం చదువుతోందో దానికి తెలియదు. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. నేనూ ఒకప్పుడు ఒక మనిషికి అచ్చం ఇలాగే చదివి వినిపించానన్న సంగతి గుర్తొచ్చింది.

ఇప్పుడు మేముండే టార్నీట్ అనే ఈ శివారు పేటలో తెలుగు చెవిన పడని పగలంటూ లేదు. ఎదురింట్లో కుక్కర్ కూత, వెనకింట్లో ఎవరో ఫోనులో అత్తగారితో గట్టిగా మాట్లాడడం, పార్కులో తాతగార్ల రాజకీయాలు. కానీ ఎనభైల చివర్లో మేం సిడ్నీ దగ్గర బ్లాక్‌టౌన్‌లో దిగినప్పుడు, మా వీధి మొత్తానికి తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. మూడోది మా అమ్మాయి. దాన్ని బళ్ళో వేసిన కొన్నాళ్ళకే ‘అన్నం తిందువుగాని రా’ అంటే ‘ఇన్ ఎ మినిట్’ అనడం మొదలుపెట్టింది. మావారు మన దేశంలో ఇంజినీరే, ఇక్కడ మాత్రం ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. పొద్దున్న పిల్ల బడికి, ఆయన రైలుకి వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైపోయేది. ఫ్రిజ్ మూలిగితే ఉలిక్కిపడేదాన్ని. అది ఆగిపోతే, అయ్యో ఆగిపోయిందే అనిపించేది. ఒకసారి స్టేషన్ దగ్గర చీర కట్టుకున్న ఒకావిడ కనపడితే ఆవిడ వెనకాల రెండు వీధులు నడిచాను. తీరా పలకరిస్తే గుజరాతీ ఆవిడ. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు చాలా తక్కువ. కాసేపు ఒకరి చేతులొకరం పట్టుకుని నిలబడి, నవ్వుకుని, ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

నా చదువు పదో తరగతితో ఆగింది. అయితే పెళ్ళికి ముందే మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న బీరువాలన్నీ ఖాళీ చేసిన మనిషిని. ఈ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. బ్లాక్‌టౌన్ లైబ్రరీ మొదటిసారి చూసినప్పుడు, ఇన్ని పుస్తకాలు ఊరికే ఇంటికి ఇస్తారా అని కౌంటర్లో ఆవిణ్ణి రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆవిడ “నో వర్రీస్, లవ్” అనే అంది. ఆ లవ్ అనే మాటకి మొదట కంగారుపడ్డాను గానీ, అక్కడ కూరగాయలమ్మేవాడూ అదే అంటాడని తర్వాత తెలిసింది. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఏడాది తిరిగేసరికి విజ్ఞాన సర్వస్వం సంపుటాల దాకా వచ్చాను. వాటిని ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. సాయంత్రం మావారికి ఆ రోజు నేర్చుకున్నదంతా అప్పజెప్పేదాన్ని. ఆయన చొక్కా విప్పుకుంటూ వినేవారు. “ఇవాళ ఏ అక్షరం దాకా వచ్చావే? ఇంకో ఏడాదికి ఈ దేశానికి ప్రధానమంత్రివి అయ్యేట్టున్నావు. ముందు ఆ పప్పు దించు, మాడు వాసనొస్తోంది,” అనేవారు. మనసులో మాత్రం ఆయనకీ కాస్త గర్వమే. ఫ్యాక్టరీలో పక్క మిషను దగ్గరి గ్రీకు ఆయనతో ‘మా ఆవిడ లైబ్రరీ మొత్తం చదివేస్తోంది’ అని చెప్పారట.

మా పక్కింట్లో డెబ్బై దాటిన ఒకావిడ ఒక్కతే ఉండేది. ప్రపంచ యుద్ధం అయ్యాక, తన దేశంలో ప్రభుత్వం మారిన రోజుల్లో, భర్తతో కలిసి సరిహద్దు దాటి, ఓడెక్కి, వలసదారుల క్యాంపులో కొన్నాళ్ళుండి, తర్వాత ఒక ఆసుపత్రి లాండ్రీలో జీవితమంతా దుప్పట్లు ఉతికిన మనిషి. ఆవిడ దేశాన్ని అప్పట్లో చెకోస్లొవేకియా అనేవారు. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, అడిలైడ్‌లో ఇళ్ళు కట్టే పని చేసేవాడు. ఆవిడ కళ్ళకి ఏదో జబ్బు. చూపు అంచుల్లో మిగిలి మధ్యలో పోయింది. అందుకని మన మొహం చూడాలంటే మన పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు అటు చూసేది. మొదట్లో నేనూ వెనక్కి తిరిగి, ఎవరున్నారా అని చూసేదాన్ని.

మా పరిచయం బట్టలారేసే దగ్గర మొదలైంది. కంచెకి అటు ఆవిడ పెరడు, ఇటు మాది. నేను చీరలారేస్తూ, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న స్తోత్రమేదో అలవాటు కొద్దీ గొణుక్కుంటున్నాను. ఆవిడ కంచె దగ్గరికొచ్చి, అది పాటా ప్రార్థనా అని అడిగింది. ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటివే కాబట్టి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని బాగానే నడిచేవి. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ప్రార్థన అన్నాను. అర్థమేమిటంది. తెలియదన్నాను. తెలియకుండా ఎలా చదువుతావంది. అది సంస్కృతం, మాకు తెలుగు అక్షరాల్లో అచ్చువేసి అమ్ముతారు, అక్షరం అక్షరం తప్పులేకుండా చదివితే చాలు, అర్థం సంగతి దేవుడు చూసుకుంటాడు అని చెప్పాను. ఆవిడ నా పక్కకి చూస్తూ చిన్నపిల్లలా నవ్వింది. నాకు కాస్త రోషం కూడా వచ్చింది.

కొన్నాళ్ళకి ఆవిడే కాఫీకి పిలిచింది. బల్ల మీద గసగసాల ముద్ద నింపిన రొట్టెలు పెట్టింది. మనం కూరలో వేసే గసగసాల్ని వీళ్ళు తీపిలో వేస్తారని నేను ఆశ్చర్యపోతుండగా, లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోయి, గుడ్డ పట్టీ అతికించి ఉంది. సరిహద్దు దాటిన రాత్రి కట్టుకున్న ఏప్రన్‌లో చుట్టి తెచ్చుకున్నదట. వాళ్ళ దేశంలో నూరేళ్ళకి ముందు ఒక రచయిత్రి రాసింది, తన చిన్నతనంలో తమ ఇంటికొచ్చి తమని పెంచిన అమ్మమ్మ గురించి. “ఏటా ఒకసారి చదువుకునేదాన్ని. మూడేళ్ళయింది అక్షరాలు కనపడడం మానేసి. దీన్ని ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా వినాలి. నీ దేవుడికి చదివినట్టు నాకు చదువుతావా?” అంది.

మీ కొడుకు చదవడా అన్నాను. వాడు ఇక్కడ పెరిగాడు, మాట వచ్చు, చదువు రాదు అంది. మరి మీవాళ్ళెవరూ లేరా అంటే, సిటీలో వాళ్ళ సంఘం ఒకటుందనీ, అక్కడినుంచి ఒకావిడ వచ్చి చదివేదనీ, తనే రావద్దని చెప్పేశాననీ అంది. ఎందుకో అప్పుడు చెప్పలేదు.

అలా మొదలైంది. అక్షరాలు ఇంగ్లీషువే గానీ నెత్తిన గీతలూ కొక్కేలూ ఉంటాయి. మొదటి పేజీ ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ ఒక్కో మాట చెబుతుంటే, నేను పుస్తకంలో ఆ మాట మీద పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. ఆవిడే రాయమంది, పుస్తకం పాడవుతుందేమో అని నేనంటే, ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న చోటే కదా అంది. వాళ్ళకీ మనలాగే హ్రస్వం దీర్ఘం తేడా ఉంది, రాసినట్టే పలుకుతారు. ఇంగ్లీషుతో ఏడాదిగా కుస్తీ పడుతున్న నాకు ఇది పుట్టింటికి వెళ్ళినట్టుంది. ఒక్క శబ్దం మాత్రం, నాలుక వణికిస్తూనే ఈల వేసినట్టు పలకాలి, అది నాకు చివరిదాకా రాలేదు. అది వచ్చినచోటల్లా ఆవిడే పలికేది, నేను ఆగి మళ్ళీ అందుకునేదాన్ని. కొన్ని వారాలకి పెన్సిల్ సాయం లేకుండా పేజీలకి పేజీలు సాగిపోయాను, ఒక్క ముక్క అర్థం కాకుండా.

చేస్తున్నది పారాయణమే కాబట్టి మా నాయనమ్మ నియమాలన్నీ పెట్టాను. స్నానం చేసి రావాలి, తూర్పుముఖంగా కూర్చోవాలి, అధ్యాయం మధ్యలో లేవకూడదు, చదివింది వెనక్కి తిప్పకూడదు, చివర ఏదైనా తీపి. మామ్మగారికి ఇవన్నీ తెగ నచ్చాయి. అన్నట్టు అప్పటికి నేనావిణ్ణి మామ్మగారూ అనే పిలుస్తున్నాను. మా వైపు నాయనమ్మల్ని అలా పిలుస్తామంటే, అయితే నన్నూ అలాగే పిలువు అంది. “ఈ పుస్తకం కోసం స్నానం చేసిన మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదు. రాసినావిడ వింటే మురిసిపోయేది,” అని నవ్వింది. తూర్పు కిటికీ దగ్గరికి కుర్చీ జరిపింది. నేను వచ్చేసరికి తల దువ్వుకుని, ఉతికిన గౌను వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉండేది.

లైబ్రరీకి వెళ్ళి ఆ రచయిత్రి గురించి వెతికాను. విజ్ఞాన సర్వస్వంలో అర కాలమ్ ఉంది. పుట్టిన సంవత్సరం దగ్గరే పండితులకి ఏకాభిప్రాయం లేదట. అది చదివి ఎందుకో ధైర్యం వచ్చింది, నా పుట్టినరోజూ బళ్ళో మాస్టారు వేసిందే. ఆ అర కాలమ్‌కి మిగతాది మామ్మగారు కలిపింది. తండ్రి ఒక జమీందారిణి దగ్గర గుర్రాల పని, తల్లి బట్టల పని. పదిహేడేళ్ళకే తనకంటే చాలా పెద్దవాడైన సర్కారు ఉద్యోగికిచ్చి చేశారు. ఆయనకి బదిలీ అయిన ఊరికల్లా పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళింది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ పల్లెటూరి ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళు చెప్పుకునే కథలు విని రాసుకుంది. అప్పుడు చదువుకున్నవాళ్ళ భాష జర్మన్. ఈవిడ పనివాళ్ళ భాషలో రాసింది. పోలీసులు కనిపెట్టి ఉండేవారు, భర్తని దూరానికి విసిరేశారు, ఇద్దరికీ పడలేదు, ఇంట్లో పొయ్యి వెలగని రోజులుండేవి. పెద్దకొడుకు క్షయతో పోయాడు. ఆ దుఃఖంలో, చలి గదిలో కూర్చుని, తన జీవితంలో వెచ్చగా ఉన్న ఒకే ఒక కాలాన్ని, అమ్మమ్మ ఉన్న కాలాన్ని, పుస్తకం చేసింది. నలభై దాటగానే పోయింది. “బతికుండగా రొట్టెముక్క ఇవ్వని పెద్దమనుషులంతా శవం వెనకాల నడిచారు,” అంది మామ్మగారు. మా వైపూ అంతేనండీ అన్నాను. పోస్టింగుల వెంట, షిఫ్టుల వెంట తిరిగే భార్యల సంగతి నాకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి అన్నం దగ్గర ఇదంతా చెబితే, మావారు ముద్ద నోట్లో పెట్టుకోకుండా విని, “పాపం, ఆయనకీ బదిలీలు ఆయన చేతిలో ఉండవు కదే,” అన్నారు. ఎవరి పక్షం వాళ్ళది.

పుస్తకం సగానికి వచ్చిన ఒక రోజు, నేను మంచి హుషారుగా చదువుతున్నాను. వాక్యాలు చిన్నవి, లయగా ఉన్నాయి, పాటేమో అనిపించి కొంచెం రాగం కూడా కలిపాను. తలెత్తి చూస్తే మామ్మగారి చెంపల మీద నీళ్ళు. నా ఉచ్చారణ అంత ఘోరంగా ఉందా అని హడలిపోయి, ఆ వాక్యాన్నే సరిదిద్ది మళ్ళీ చదివాను. నీళ్ళు ఇంకా ఎక్కువయ్యాయి. దీర్ఘాలు సాగదీసి మరోసారి చదివాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. “తప్పు నీది కాదమ్మాయీ, ముందుకి వెళ్ళు,” అంది. ఆ రోజే సంఘం ఆవిడ సంగతి చెప్పింది. ఆవిడ గొప్పగా చదివేదట, ప్రతి విషాదానికీ తనే ముందు వెక్కి వెక్కి ఏడ్చేదట. “ఆవిడ ఏడుపు ఆపడంతోనే నాకు సరిపోయేది. నాకు ఏడవడానికి చోటేదీ? నువ్వు అలా కాదు. నీకేమీ తెలియదు. నువ్వు నాకూ పుస్తకానికీ మధ్యలో నిలబడవు.” జీవితంలో చాలామంది నాకేమీ తెలియదన్నారు. మెచ్చుకోలుగా అన్నది ఆవిడొక్కతే.

ఆ ఏడాది చివర్లో వాళ్ళ దేశంలో ప్రభుత్వం పడిపోయింది. టీవీలో కూడలి నిండా జనం, తాళంచెవులు గలగలలాడిస్తూ. నేను పరుగెత్తుకెళ్ళి, మామ్మగారూ ఇంక మీరు వెళ్ళొచ్చు అన్నాను. ఆవిడ రేడియో దగ్గర కూర్చుని ఉంది. ఎవరి దగ్గరికి అంది. చెల్లెలు పోయింది, ఊరు పేరు కూడా మారిందట. రేడియో కట్టేసి, తూర్పు కిటికీ దగ్గరికి జరిగి, చదువు అంది.

ఇక్కడ క్రిస్మస్‌కి వచ్చే ఎండాకాలం సెలవులయ్యాక ఆవిడ ఇంటి ముందు పచ్చికలో అమ్మకం బోర్డు పాతారు. కళ్ళు లేని తల్లిని ఒంటరిగా ఉంచలేనని, ఈస్టర్‌కి వచ్చి అడిలైడ్ తీసుకెళ్ళిపోతానని కొడుకు చెప్పేశాడు. ఆవిడ కోసం ఇంటి వెనకాల వేరే గది కట్టాడట, మెట్లు లేకుండా, గోడ వెంట పట్టుకోవడానికి కడ్డీ పెట్టి. “వాడు మంచివాడు. అదే నా కష్టం. చెడ్డవాడైతే రానని చెప్పేదాన్ని,” అంది. ఆవిడ వెళ్ళిపోతే నా పగళ్ళు మళ్ళీ ఫ్రిజ్‌తో గడవాలి. కానీ అప్పటికి నా తలలో ఉన్న ఆలోచన ఒక్కటే, ఈస్టర్‌లోపు పుస్తకం పూర్తవ్వాలి. ఆవిడ నన్ను అడిగింది అదే కదా.

సరిగ్గా అప్పట్నుంచి మామ్మగారు పేచీ మొదలుపెట్టింది. ఇవాళ కొత్తది వద్దు, మొన్నటిది మళ్ళీ చదువు. తిరణాలకి వెళ్ళే అధ్యాయం ఇంకోసారి. పిల్లలూ కుక్కలూ కోళ్ళూ ఉన్న ఆ మొదటి అధ్యాయం ఇంకోసారి. వెనక్కి తిప్పకూడదు మామ్మగారూ అంటే, “నియమం నీ నాయనమ్మదా, నా పుస్తకానిదా?” అనేది. ఇంకా కొంచెమే ఉంది, నాలుగు రోజులు కూర్చుంటే అయిపోతుంది అంటే, తలనొప్పి అనేది, కాఫీ కలుపుతాననేది, నా మాట వినబడని మనిషిలా కిటికీ బయటికి మొహం పెట్టేది. చివరిదాకా వినాలన్న మనిషే చివరి అధ్యాయం ముందు మొండికేసి కూర్చుంది. ఆకులు రంగు మారుతున్నాయి. ఇక్కడ ఈస్టర్ ఆకులు రాలేటప్పుడు వస్తుంది. నా చదవడమే బాగాలేదేమో, విసుగెత్తిందేమో అని కుమిలిపోయాను.

అదే వారం లైబ్రరీ నుంచి కబురొచ్చింది. ఎప్పుడో నేను పెట్టిన కోరిక మీద, సిటీలోని పెద్ద లైబ్రరీ నుంచి ఆ పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం తెప్పించారు. కౌంటర్లో ఆవిడ దాన్ని నా చేతిలో పెడుతూ, “యువర్ గ్రానీ బుక్, లవ్” అంది. ఇంటిదాకా ఆగలేక అక్కడే బల్ల దగ్గర కూర్చుని, పిల్ల బడి వదిలే వేళ దాకా, నిఘంటువు కూడా మర్చిపోయి చదివాను. నెలల తరబడి నా నోటి గుండా వెళ్ళిన మనుషులందరూ అప్పుడు మొదటిసారి నాకు కనపడ్డారు. నేను హుషారుగా రాగం కలిపి, దిద్ది దిద్ది మూడుసార్లు చదివిన చోటు కూడా దొరికింది. బిడ్డని పోగొట్టుకుని మతి చెదిరిన ఒక పిల్ల, ఏటి గట్టున కూర్చుని నీళ్ళకి జోల పాడే చోటది. పుస్తకం మూసి చేతుల్లో తల పెట్టుకున్నాను. తర్వాత చివరి అధ్యాయం తీశాను. అమ్మమ్మ ముసలిదవుతుంది. తన ఇంట్లో, తన మంచం మీద, తను పెంచిన వాళ్ళందరూ చుట్టూ ఉండగా వెళ్ళిపోతుంది.

మర్నాడు మామ్మగారితో, చివర్లో ఏముందో నాకు తెలిసిపోయింది అన్నాను. చావు గురించి వినడం మీకు భయమా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“చావు కాదు. అది మంచి చావు. కానీ నిజంగా జరిగింది అది కాదమ్మాయీ. ఆ అమ్మమ్మ వాళ్ళింట్లో కొన్నేళ్ళే ఉంది. తర్వాత ఇంకో కూతురు తీసుకెళ్ళిపోయింది, దూరంగా, పెద్ద నగరానికి. అక్కడే పోయింది, పరాయి భాష మధ్యలో. ఈ పిల్ల పెద్దదై పుస్తకం రాసేటప్పుడు, అమ్మమ్మని వెళ్ళనివ్వలేదు. ఇంట్లోనే ఉంచేసుకుంది. ఏటా చదివి, ఎంత బాగా ఉంచుకుందో అని సంతోషించేదాన్ని. ఈసారి ఆ చివరి పేజీ విన్నానంటే, లేచి పెట్టె సర్దుకోవాల్సింది నేను.”

అప్పుడు మా నాయనమ్మ పద్ధతి ఒకటి గుర్తొచ్చి ఆదుకుంది. ఆవిడ పారాయణం ముగించిన రోజు పుస్తకాన్ని చివరి పేజీ దగ్గర మూసేది కాదు. అది పూర్తవగానే, నీళ్ళు కూడా తాగకుండా, అదే పీట మీద అదే గొంతుతో మళ్ళీ మొదటి పేజీ చదివి, అక్కడ నెమలి ఈక పెట్టి మూసేది. చివర్లో మూస్తే పారాయణం చచ్చిపోతుందనీ, మొదట్లో మూస్తే నిద్రపోతుందనీ అనేది. ఈ సంగతి మామ్మగారికి చెప్పాను. చివరి అధ్యాయం చదువుతాను, కానీ అక్కడ ఆపను అన్నాను.

ఆవిడ నా పక్కకి చూసింది. “నీ నాయనమ్మ తెలివైంది,” అంది. “అయితే ఒక షరతు. ఇప్పుడు నీకు అర్థం తెలుసు. ఆ సంఘం ఆవిడలా చెయ్యకూడదు.”

ఈస్టర్ ముందు శుక్రవారం చదివాను. కొడుకు అప్పటికే వచ్చి, వ్యానులోకి పెట్టెలు చేరవేస్తున్నాడు. వంటిల్లు ఖాళీ, గోడల మీద పటాలున్న చోట తెల్లటి గళ్ళు. తూర్పు కిటికీ దగ్గర మాత్రం రెండు కుర్చీలు ఉంచమని ఆవిడ చెప్పింది. తలంటుకుని వెళ్ళాను. అంతకు ముందు నెలలన్నీ నాకు ఏ కష్టమూ లేదు, అది ఉత్త శబ్దం. ఆ రోజు ప్రతి శబ్దం వెనకాలా మంచమూ దుప్పటీ పిల్లలూ కనపడుతున్నారు. వరద వార్తా వంకాయల ధరా ఒకేలా చదివే ఈ యంత్రానికి అదేమీ లెక్కలోది కాదు. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది. దీర్ఘాల మీద, హ్రస్వాల మీద మనసు పెట్టాను. అర్థం వైపు చూడకుండా అక్షరాన్నే చూశాను. ఆ పలకరాని శబ్దం వచ్చినచోటల్లా ఆగితే, ఆవిడ పలికేది. ఆవిడ గొంతు వణికినప్పుడు నేను తలెత్తలేదు. ఆవిడకి ఏడవడానికి కావలసినంత చోటిచ్చాను. చివరి మాట అయింది. పుస్తకం తిప్పి, ఒంటి నిండా నా పెన్సిల్ రాతలున్న మొదటి పేజీ తీశాను.

రెండో వాక్యం దగ్గర ఆవిడ నాతో కలిసింది. నాలుగో వాక్యానికి నేను ఆగిపోయాను, ఆవిడొక్కతే చెప్పుకుపోతోంది, కళ్ళు మూసుకుని, చిన్నపిల్ల పద్యం అప్పజెప్పినట్టు. వెనకాల అడుగుల చప్పుడు ఆగింది. కొడుకు చేతిలో పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. అయిపోయాక, “చిన్నప్పుడు నాకు స్నానం చేయిస్తూ అమ్మ ఇదే చెప్పేది. ఏదో పాటనుకున్నాను,” అన్నాడు, నాతోనో ఆవిడతోనో. మామ్మగారు తిరిగి, వాడి పక్కకి చూసింది, అంటే వాడి మొహంలోకే. చివర తీపి కావాలి కదా, ఆవిడ చెబితే కొడుకు సర్దిన పెట్టెల్లోంచి వెతికి ఏదో డబ్బా తెరిచాడు. ముగ్గురం నిలబడి, ఈస్టర్‌కి అమ్మే చాక్లెట్ గుడ్లు తిన్నాం.

పుస్తకం ఆవిడతోనే అడిలైడ్ వెళ్ళింది, నా తెలుగు అక్షరాలతో సహా. వ్యాను మలుపు తిరిగాక ఇంట్లోకొచ్చాను. మావారు ఆ రోజు నన్నేమీ ఆట పట్టించలేదు, పప్పు ఆయనే దించారు. రెండు క్రిస్మస్‌లకి కార్డులొచ్చాయి, కొడుకు రాతతో. మూడోదాంట్లో, అమ్మ చలికాలంలో వెళ్ళిపోయింది అని ఒక్క ముక్క. ఎక్కడ, ఎలా అని రాయలేదు. నేనూ అడగలేదు. నా మటుకు నేను ఆవిణ్ణి బ్లాక్‌టౌన్‌లోనే ఉంచేసుకున్నాను, తూర్పు కిటికీ దగ్గర, ఉతికిన గౌనులో, తల దువ్వుకుని, ఒళ్ళో చేతులతో. పేరు కూడా నేను సరిగ్గా పలకలేని ఆ రచయిత్రి దగ్గర నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఫోను వార్తలన్నీ ముగించి, క్షణం కూడా ఆగకుండా, మళ్ళీ మొదటి వార్త అందుకుంది. నేను దాన్ని ఆపలేదు. పుస్తకాన్ని చివరి పేజీ నుంచి మొదటి పేజీకి తిప్పుకోవచ్చని మా నాయనమ్మకి తెలుసు, ఈ యంత్రానికీ ఎవరో నేర్పినట్టున్నారు. కాలానికి మాత్రం ఆ ఆచారం లేదు, చదివిన పేజీ చదివినట్టే తీసుకుపోతుంది.